గట్టు మీది ఎర్రమెడ పురుగు

అనగనగా, నాగావళి ఒడ్డున నీళ్ళు ఆరని ఒక పల్లపు ఊళ్ళో గున్నమ్మ అని ఉండేదమ్మా. ఆవిడ కూతురు పోయింది. కూతురి బిడ్డ పైడిని తనే పెంచుకునేది. అరెకరం వరిచేను, ఆ పిల్ల, అంతే ఆవిడ లోకం.

ఒకనాడు పైడి చేను గట్టు మీద ఆడుకుంటుంటే చెంప మీద పురుగు పాకింది. పిల్ల అరచేత్తో నలిపేసింది. మర్నాటికి చెంపంతా కాలినట్టు బొబ్బలెక్కి, కన్ను మూసుకుపోయింది.

"అమ్మమ్మా, నా కన్ను పోనాదా?" అంది పిల్ల.

గున్నమ్మ పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. ఆసుపత్రి మందు రాసి పడుకోబెట్టింది. అప్పుడు పార, అగ్గిపెట్టె పట్టుకుని చేనుకి పోయింది, గట్టు గడ్డినంతా చెక్కి తగలబెడదామని.

పక్క చేను జోగులు ముసలాయన అడ్డం వచ్చాడు. "ఆ పురుగు కుట్టలేదే గున్నా, నలిగింది. దాని ఒంట్లో రసం మండింది. కాల్చే ముందు మూడు పొద్దులు కూకుని చూడు."

గున్నమ్మ మరిది లచ్చయ్య ఆగలేదు. పిల్ల మొహం చూసి, ఆ రోజే తన గట్లు కాల్చేశాడు.

గున్నమ్మ కోపంగానే కూర్చుంది. మొదటి పొద్దున పురుగు కనపడింది. బియ్యపుగింజ కన్నా కాస్త పొడుగు. నల్లటి తల, ఎర్రటి మెడ, నీలంగా మెరిసే పొట్టి రెక్కలు, ఎర్రటి పొట్టకి నల్లటి కొస. చీమలా పరుగెత్తి, అలికిడైతే తోక పైకెత్తింది.

రెండో పొద్దున దాని ఇల్లు కనపడింది. గడ్డి మొదళ్ళలో, తడిమట్టి పగుళ్ళలో.

మూడో పొద్దున అది వరిదుబ్బు మొదట్లో సుడిదోమను పట్టి తింటోంది. చేను రసం పీల్చి ఎండగొట్టే దోమ అది.

గున్నమ్మ దాని దగ్గరగా వంగింది. "నా బిడ్డని కాల్చిందీ నువ్వే, దాని కూడు కాస్తున్నదీ నువ్వేనా?" అంది. అగ్గిపెట్టె కాలవలో పడేసి ఇంటికొచ్చింది.

ఆ తర్వాత రెండు రోజులకి పైడి కన్ను తెరిచింది. చెంప మీద మచ్చ మాత్రం ఉండిపోయింది.

ఆ ఏడు ఊరంతా దోమ కొట్టింది. గున్నమ్మ చేను సగమైనా నిలిచింది. లచ్చయ్య చేను సుడులు సుడులుగా ఎండిపోయింది. అతను వచ్చి ఆవిడ ముందు కూలబడ్డాడు.

"వదినా, నా చేతుల్తో నేనే కాల్చుకున్నాను."

గున్నమ్మ అతన్ని తన చేనుకి తీసుకుపోయింది. తన గట్టున పురుగులున్న ఒక గడ్డిదుబ్బుని తడిమట్టితో సహా పెళ్ళగించి, అతని తట్టలో పెట్టింది.

"నీ గట్టున నాటుకో నాయనా. ఒంటి మీద పాకితే నలపకు, ఊదేసెయ్."

కథేమో కంచికి, కునుకేమో కంటికి,
గాలేమో చేనుకి, మనమేమో ఇంటికి.