తలుపు లేని బాటసారమ్మ తోట

గజరాయపురం పట్టణం నడిబొడ్డున, పాత ఉప్పుబాటను ఆనుకుని, పదకొండు ఎకరాల్లో విస్తరించిన ఉద్యానవనమే బాటసారమ్మ తోట. తెల్లవారగానే నడకకు వచ్చే పెద్దలు, పొగడచెట్ల కింద పుస్తకాలు ముందేసుకుని కూర్చునే విద్యార్థులు, ఆసుపత్రిలో ఉన్న తమవారి కోసం వచ్చి ఇక్కడే నడుం వాల్చే పల్లెజనం, నీడన ఆటోలు ఆపుకుని అన్నం తినే డ్రైవర్లు, అందరూ ఈ తోట బిడ్డలే. చుట్టూ నిలువెత్తు రాతిగోడ ఉంది. తూర్పున పన్నెండడుగుల గుమ్మం ఉంది. ఆ గుమ్మానికి తలుపు మాత్రం లేదు. ఎడమపక్క స్తంభం ఉండవలసిన చోట బావి ఉంది. ఈ వింత చూసిన యాత్రికులు కారణం అడుగుతుంటారు. వారి కోసం పెద్దల నోట విన్న వృత్తాంతాన్ని ఇక్కడ పొందుపరిచాము.

పూర్వం ఇక్కడ గోడ లేదు. తీరాన ఉప్పుమళ్ళ నుంచి కొండ ఊళ్ళకు పోయే కాలిబాట ఈ చెట్ల నడుమ నుంచే సాగేది. కావిళ్ళవాళ్ళు, గాజుల మలారంవాళ్ళు, పుట్టింటికి పోయే ఆడపడుచులు ఈ నీడలో ఒక గడియ ఆగి కదిలేవారు. సంస్థానం రాణి సుభద్రాయమ్మగారికి పూలంటే ప్రాణం. ఆమె ఈ నేలను చదును చేయించి, గులాబీలు, సంపెంగలు నాటించారు. ఏటి నుంచి కాలువ తవ్వించి నీరు పారించారు. ఒకనాడు మేకల మంద చొరబడి గులాబీ మడులన్నీ మోళ్ళు చేసింది. అంతటితో గోడ లేచింది. ఓడ మీద ఇనుప కమ్ముల తలుపులు దిగాయి. బాట గోడ చుట్టూ మళ్ళింది.

తోటమాలి పైడయ్య. పొద్దున్నే అతణ్ణి లోపలికి పంపి బయట తాళం వేసేవారు. సాయంత్రం రాణిగారు షికారుకు వచ్చినప్పుడు తిరిగి తీసేవారు. తాళంచెవి రాణిగారి మొలలోనే ఉండేది. తలుపు దగ్గర ఎవరినీ నిలవనీయరాదని, నీరు కూడా ఇవ్వరాదని దివాణం ఉత్తరువు. ఒకసారి పైడయ్య కమ్ముల సందున ఒక ముసలాయనకు చెంబెడు నీళ్ళిచ్చాడు. మర్నాటికి పదిమంది పోగయ్యారు. దివాన్‌గారు అతణ్ణి పిలిపించి, ఇంకొకసారి జరిగితే దివాణం ఇచ్చిన ఇల్లు ఖాళీ చేయవలసి ఉంటుందని హెచ్చరించారు. నలుగురు పిల్లల తండ్రి. ఆనాటి నుంచి పైడయ్య కమ్ముల వైపు చూడడమే మానుకున్నాడు.

ఆ ఏడు రోహిణి కార్తెలో ఎండలు రోళ్ళు పగిలేలా కాశాయి. ఒక మిట్టమధ్యాహ్నం, నడివయసు దాటిన ఒక స్త్రీ చంకన మూటతో వచ్చి కమ్ములు పట్టుకుని నిలబడింది.

"బావూ, దోసెడు నీల్లు పొయ్యి బావూ."

పైడయ్య పార పట్టుకునే అడిగాడు. "ఎవరివమ్మా? ఏ ఊరు? ఎవరి తాలూకు?"

"ఎవరినైతే ఏటి బావూ? గొంతు ఎండిపోతంది."

"ఇక్కడ ఆగకూడదమ్మా. దివాణం ఉత్తరువు. ఏరు అరకోసు దూరమే, ఆ గోడెంట ఎల్లిపో."

ఆమె గులాబీ మడిలోకి పారుతున్న కాలువ వైపు చూసింది. పైడయ్య పడమటి మడుల వైపు వెళ్ళిపోయాడు. కొంతసేపటికి అటు చూస్తే, ఎడమ స్తంభం పక్కన చీర చెంగు కనిపించింది. పోనీలే, కాస్త నీడ దొరికింది, సేద తీరి పోతుంది అనుకున్నాడు. ఆ అనుకోవడంలో అతని మనసు కుదుటపడింది కూడా. అదే తరువాత అతణ్ణి జన్మంతా కాల్చింది.

పొద్దు వాలాక రాణిగారి పల్లకి వచ్చింది. అక్కడ ఎవరో కునుకు తీస్తున్నారనుకుని అదిలిస్తూనే, బంట్రోతు రాణిగారిచ్చిన తాళంచెవితో తాళం తిప్పి తలుపు లోపలికి నెట్టాడు. తలుపుకు ఆనుకుని కూర్చున్న స్త్రీ తలుపుతో పాటే లోపలికి ఒరిగిపోయింది. బోయీలు కేకపెట్టి పల్లకి దించేశారు. ఆమె కుడిచేయి కమ్ముల సందున మోచేతి దాకా దూరి ఉంది. అరచేయి దోసిలిగా ముడుచుకుని, కాలువకు మూరెడు దూరంలో ఆగిపోయింది. ఒళ్ళు అప్పటికే కట్టెలా బిగుసుకుపోయింది.

పైడయ్య చేతిలోంచి పార జారిపోయింది.

రాణిగారు పల్లకి దిగి వచ్చారు. "ఎవరీమె? ఎప్పుడు వచ్చింది?"

"మిట్టమద్దేన్నం, తల్లీ."

"నీళ్ళు అడగలేదా?"

"అడిగింది."

"అడిగితే ఇవ్వకపోతావా! మనిషివా నువ్వు?"

"ఇవ్వకూడదని ఉత్తరువు, తల్లీ."

"ఉత్తరువు! ప్రాణం పోతుంటే ఉత్తరువేమిటిరా? తలుపు తీసి నీడకైనా చేర్చవద్దా?"

పైడయ్య తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక అతను దివాణపు మనిషిని అలా చూడడం అదే మొదలు.

"తాళంచెవి మీ కాడే ఉంది, తల్లీ."

రాణిగారి చేయి తనకు తెలియకుండానే తాళంచెవి దోపుకునే మొలకు పోయింది. అక్కడే నిలిచిపోయింది.

మూట విప్పి చూశారు. అందులో ఆముదం సీసా, పాత మెత్తని గుడ్డలు నాలుగు, పసిబిడ్డకు కట్టే నల్ల మొలతాడు ఉన్నాయి. ఎక్కడో కూతురో కోడలో ప్రసవించి, ఈమె కోసం ఎదురుచూస్తున్నదని అందరికీ అర్థమైంది. ఏ ఊరో మాత్రం తెలియలేదు. బంట్రోతులు మర్నాడు పొద్దు వాలేదాకా పల్లెపల్లెకూ తిరిగారు. ఈమె మా మనిషి అన్నవారు దొరకలేదు. "నా తల్లే అనుకోండి" అని పైడయ్యే కొరివి పెట్టాడు. ఆపైన ఇంటికి పోక, అన్నం ముట్టక, స్తంభం పక్కనే కూలబడ్డాడు.

మూడవనాటి మధ్యాహ్నం అతనికి కన్ను మూతపడింది. కలలో ఆమె వచ్చి ఎదుట కూర్చుంది. ముఖంలో కోపం లేదు. "బావూ, ఈ రాయి నా పక్కలో గుచ్చుకుంటంది. తీసీ" అన్నది. పైడయ్య లేచిన వాడు లేచినట్టే దివాణానికి పరుగెత్తి, విన్నది విన్నట్టు చెప్పాడు. రాణిగారు ఎదురు ప్రశ్న వేయలేదు. కాలినడకన బయలుదేరారు.

ఆమె పక్కన ఉన్న రాయి ఎడమ స్తంభమే గనుక, తలుపులు ఊడదీసి, దాని మొదట తవ్వడం మొదలుపెట్టారు. మూడు మూరల లోతున ఇసుక తడిగా వచ్చింది. స్తంభం పెకలించగానే గుంతలో బుడబుడమని నీరు ఊరింది. పలుగు పట్టినవాళ్ళు పలుగు పట్టుకున్నట్టే నిలబడిపోయారు. దాహంతో ఆమె కన్ను మూసింది సరిగ్గా ఆ నీటి మీదనే.

"నా తల్లి కిందే ఉందిరా నీరు! మూడు మూరలేరా!" అని పైడయ్య గుండెలు బాదుకున్నాడు. ఆ ఊట చూసి ఆనాడు సంతోషించినవారు లేరు.

రాణిగారు తొలి కడవ తానే ముంచి, గుమ్మం దాటి బాట మీద నిలబడ్డారు. కొండ నుంచి కట్టెలమోపుతో ఒక మనిషి వస్తున్నాడు. రాణిగారిని చూసి భయపడి, మోపు దించి, దూరంగా ఒదిగి నిలుచున్నాడు.

"ఇలా రా నాయనా. ఎవరి..." అని ఆమె అడగబోయారు.

"అడక్కండి, తల్లీ!" పైడయ్య కేక అది. "నాను అడిగాను. అడిగాను గానీ పొయ్యలేదు."

రాణిగారు మాట మింగి, కడవ వంచారు. ఆ మనిషి దోసిలి పట్టి కడుపు నిండా తాగాడు.

ఆ ఇనుప తలుపులను కమ్మరి కొలిమిలో కాల్చి సాగగొట్టి బావికి గొలుసులు, బొక్కెనలు చేయించారు. తోటను పట్టణ ప్రజలందరి పేర రాసి, ఈ గుమ్మానికి ఎవరూ ఎన్నడూ తలుపు పెట్టరాదని రాతి మీద చెక్కించారు. పేరు తెలియని తల్లి గనుక జనమే ఆమెను బాటసారమ్మ అన్నారు.

నేటికీ ఏటా రోహిణి కార్తె మొదటి రోజున పట్టణంలోని ప్రతి వీధి నుంచీ కడవలు వస్తాయి. తొలి చెంబు పరాయి ఊరి మనిషికే. తాగే వారి ఊరూ పేరూ ఎవరూ అడగరు. ఇక్కడ హుండీ లేదు, టిక్కెట్టు లేదు, పూజారి లేడు. బావి నీరు తలకు చల్లుకున్నవారికి ప్రయాణాలలో ఆపద కలగదని, ఈ నీడన అలసట తీర్చుకున్నవారికి మనోవ్యాధులు తగ్గుతాయని పెద్దల విశ్వాసం.

అన్నిటికన్నా ముఖ్యమైన ఆచారం మరొకటి ఉంది. ఆ తల్లి ఏ బిడ్డను చూడబోతూ దారిలో ఆగిపోయిందో నేటికీ ఎవరికీ తెలియదు. అందుచేత గజరాయపురంలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, ఏ కులమైనా, ఏ మతమైనా, పురుడు వెళ్ళగానే నల్ల మొలతాడు కట్టి తోటకు తీసుకువస్తారు. బావి గట్టున కూర్చుని, బిడ్డ ముఖాన్ని నీటి వైపు తిప్పి, "వచ్చాడమ్మా, చూసుకో" అంటారు. ఆడపిల్లయితే "వచ్చిందమ్మా, చూసుకో" అంటారు.