మన్ను కడగని నైవేద్యం

తీగలమ్మ కొండకు వచ్చే భక్తులకు మొదటే ఒక మనవి. అమ్మవారికి తెచ్చిన దుంపను దయచేసి కడగవద్దు. పక్కనే వాగు పారుతోంది కదా అని పట్నంవారు శ్రద్ధగా తోమి తళతళలాడించి తెస్తుంటారు. పూజారమ్మ చూసి నవ్వి వెనక్కి పంపేస్తుంది. ఇక్కడ నైవేద్యానికి మన్ను ఉండాలి, తీగ ఉండాలి, తీగకు ఆకు ఉండాలి. ఇదెక్కడి ఆచారమని ముక్కున వేలేసుకునేవారి కోసమే ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ కొండరెడ్ల గూడెం ఒకటి ఉండేది. కొండ అవతలి నుంచి పండమ్మ అనే పిల్ల ఆ గూడేనికి కోడలిగా వచ్చింది. మంచి పనిమంతురాలు, కాస్త నిక్కు కూడా ఉంది. ఆమె పుట్టినవైపు అడవిలో ఐదాకుల దుంప ఒక్కటే పెరిగేది. ఇటువైపు మూడాకుల దుంప కూడా ఉంది. ఐదాకుల తీగకు ఆకు మొదట్లో చిన్న కాయలు కాస్తాయి, మూడాకులదానికి కాయవు. నేలలోని దుంపలు మాత్రం చూడ్డానికి అక్కాచెల్లెళ్లే. మొదటిది కాల్చుకు తింటే కమ్మగా ఉంటుంది, రెండోది అలాగే తింటే మనిషిని పడేస్తుంది. అందుకే ఇక్కడి ఆడవాళ్లు దుంపను తీగతో, మట్టితో సహా మోసుకొచ్చేవారు. కారణం తెలియని పండమ్మకు ఆ బుట్టలు చూసి లోలోపల నవ్వొచ్చేది.

పోడు పంట ఇంకా ఇంటికి రాని కార్తీకం. గాదెలు ఖాళీ. తొలి దుంపలు అందరూ కలిసి తిన్నాకే ఎవరైనా అడవిలో గునపం దించాలన్నది కట్టుబాటు. ఆ ఏడు వాటిని తెచ్చే వంతు పండమ్మది. అత్తవారింట తన పనితనం చూపాలని ఎంత ఆశో! తీగలన్నీ కోసి పారేసి, వాగులో కడిగి, తొక్క కూడా గీకి, బుట్టెడు తెల్లటి దుంపలు తెచ్చి దించింది. ఆకలి మీదున్న పిల్లలు చుట్టూ మూగారు. అత్త గంగులమ్మ వచ్చి బుట్టలోకి చూసింది.

“తీగ ఏదమ్మీ?”

అన్నీ కోసి పారేశానంది పండమ్మ. ఏది ఏ దుంపో ఇక చెప్పగలవారు ఎవరూ లేరు. పెద్దలు మొత్తం పారబోయమన్నారు. ఎవరూ తిట్టలేదు, అదే ఆమెకు మరీ కష్టమైంది. పిల్లల ముఖాలు చూడలేక బుట్ట నెత్తిన పెట్టుకుని తవ్విన చోటికే వెళ్లింది. ఏడ్చి ఏడ్చి, మిట్టమధ్యాహ్నం బండ నీడన కునుకు తీసింది.

కలలో ఒక ముసలమ్మ కనిపించింది.

“పిల్లా, తీగ నా జుట్టు, మన్ను నా పసుపు. జుట్టు కోసి, పసుపు కడిగేసి, నేనెవరినని అడిగితే ఎలా చెప్పను?”

ఆపైన ఉపాయమూ ఆవిడే చెప్పింది. అన్నీ విషపు దుంపలే అనుకుని పల్చగా తరిగి, పారే నీటిలో నానబెట్టమంది. తనను మాత్రం ఉన్నదున్నట్టు ఇంటికి తీసుకుపొమ్మంది.

లేచి చూస్తే ఎదురుగా కోయకుండా వదిలేసిన ఐదాకుల తీగ. దాని మొదలు దగ్గర తవ్వితే దుంప ఆకారంలో నల్లరాయి, దాన్ని చుట్టుకుని తీగ. ఒక్క ఆకు రాలకుండా, మన్ను దులపకుండా పండమ్మ దాన్ని ఎత్తుకొచ్చింది. గుడిలోని మూలవిరాట్టు అదే. తీగ చుట్టిన చార రాతి మీద నేటికీ కనిపిస్తుంది.

తరిగి వాగులో నానబెట్టిన ముక్కల్లో విషం పోయేదాకా గూడెం ఆకూ అలమూ తిని ఓపికపట్టింది. తీరా ఉడికించి ముందుపెడితే ఒక్క చెయ్యీ కదలలేదు. తానే తిందామని పండమ్మ ముద్ద తీసింది. గంగులమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

“ఈ అడవికి నువ్వు కొత్త. ఆకు చూడమని చెప్పాల్సింది నేను. తొలి ముద్ద నాది,” అని కోడలి చేతిలోదే తినేసింది.

గూడెమంతా ఆవిడ ముఖమే చూస్తూ కూర్చుంది. పొద్దు వాలింది. గంగులమ్మ తాపీగా ఆవులించి, ఇంకో ముద్ద పెట్టమంది. పండమ్మ నవ్వుతూనే భోరుమంది.

ఈ తల్లిని కొలిచిన ఇంట తిండికి లోటుండదని, ఇల్లు చల్లగా ఉంటుందని నమ్మకం. అలాగని తెలియని దుంప జోలికి పోకండి. అమ్మవారు అందరి కలలోకీ రాదు. నేటికీ కార్తీకంలో కొత్త కోడళ్లు మన్నంటిన దుంపను తీగతో తెచ్చి అమ్మవారి ముందు ఆకులు లెక్కపెడతారు. వండిన ప్రసాదంలో తొలి ముద్ద కోడలి చేతి మీదుగా అత్తగారికే. అత్త రెండో ముద్ద అడిగేదాకా ఇక్కడ డప్పు మోగదు.