చోటిచ్చిన చుక్కలు

ఇలా నా పక్కకి జరిగి పడుకో, చెబుతాను.

అనగనగా సముద్రం ఒడ్డున పిడికెడంత దేశం ఒకటి ఉండేదిట. అందులో ఊళ్ళు మూడే. అందుకని కోట మీద ఎగిరే నీలం జెండాకి తెల్లచుక్కలూ మూడే. వాటిని కుట్టింది నూకాలు అనే అమ్మాయి వాళ్ళమ్మ. ఆవిడ పోయాక జెండాని నూకాలే చూసుకునేది.

ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. లంకల్లో జాలర్ల ఇళ్ళు కొట్టుకుపోయాయి. వాళ్ళు పడవలెక్కి వచ్చి, "మీలో కలుపుకోండయ్యా" అన్నారు. రాజుగారు సరే అన్నారు. అప్పుడు నూకాలు నాలుగో చుక్క కుట్టింది.

ఆ తర్వాత కరువొచ్చింది. అడవి అంచున ఉండే గొర్రెలవాళ్ళు మందలతో సహా వచ్చి కలిశారు. అప్పుడు ఐదో చుక్క కుట్టింది. చోటు చాలక అది చిన్నదైపోయి ఓ మూలకి పోయింది. గొర్రెలవాళ్ళు చూసి, పాపం, సర్దుకుపోయారు.

ఆ తర్వాత కొండవాళ్ళు వచ్చారు. వీళ్ళ సంగతి వేరు. వాగు నీళ్ళ కోసం వాళ్ళకీ వీళ్ళకీ తాతలనాటి నుంచీ కొట్లాటలే. నూకాలు అన్న సింహాద్రి ఆ కొట్లాటలోనే పోయాడు. ఇంక చాలు, ఒకే దేశమైపోదాం అని ఇన్నాళ్ళకి దిగొచ్చారు. వాళ్ళ పెద్ద ఒక ముసలమ్మ, గంగులమ్మ.

ఆవిడ తలెత్తి జెండాని చూసింది. "మా చుక్క ఎక్కడ బాబూ?" అంది.

చూస్తే చోటు లేదు. "అంచులో చిన్నది కుట్టిస్తాం" అన్నారు రాజుగారు.

"చిన్న చుక్కైతే మాకొద్దు బాబూ" అని ఆవిడ కర్ర పట్టుకుని లేచింది.

వాళ్ళు వెళ్ళిపోతే మళ్ళీ కొట్లాటే, మళ్ళీ చావులే. రాజుగారు కొత్త జెండా కుట్టిద్దామన్నారు. ఊరి పెద్దలు ఒప్పుకోలేదు. "మా పెద్దలు మోసిన జెండా. ఎలా పారేస్తాం?" అన్నారు.

అప్పుడు నూకాలు గంగులమ్మకి ఎదురెళ్ళింది. "మా అన్న మీ వాగు దగ్గరే పోయాడమ్మా" అంది.

గంగులమ్మ కర్ర ఆనించి నిలబడింది. "నా చిన్నకొడుకూ అక్కడే పోయాడు తల్లీ" అంది.

నూకాలు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. నూకాలు జెండా దింపించి ఒళ్ళో పరుచుకుంది. చుక్కలన్నీ విప్పి మళ్ళీ కుడతానంది. కానీ అవి అమ్మ వేసిన కుట్లు కదా, కత్తెర పట్టుకుంటే చెయ్యి ఆడలేదుట. గంగులమ్మ పక్కన కూర్చుని గుడ్డ బిగించి పట్టుకుంది. అప్పుడు ఒక పోగు తెంపింది నూకాలు. ఆ తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఏడుస్తూనే అన్నీ తెంపేసింది.

జెండాని పెద్దది చెయ్యడానికి జాలర్లు తెరచాప ముక్క ఇచ్చారు. గొర్రెలవాళ్ళు గొంగళి ముక్క ఇచ్చారు. గంగులమ్మ తన కొంగు చింపి ఇచ్చింది. అన్నీ నీలిమందులో ముంచి అతికించింది నూకాలు. చుక్కలన్నీ ఒక్క కొలతకి కత్తిరించి, ముగ్గు పెట్టినట్టు గుండ్రంగా కుట్టింది.

తెల్లారాక జెండా ఎగరేశారు. వెనకనుంచి ఎండ పడింది. జనం తలలెత్తి చూశారుట. పాత కుట్లు విప్పినచోట సూది బెజ్జాలు ఉండిపోయాయి కదా, వాటిలోంచి వెలుగు తొంగిచూసింది. తెల్లచుక్కల మధ్య, సన్నసన్నగా, వెలుగుచుక్కలు!

"అవేమిటి తల్లీ, అలా మెరుస్తున్నాయి?" అంది గంగులమ్మ.

"పాత చుక్కలుండే చోట్లమ్మా. మీకోసం చుక్కలన్నీ జరిగాయి" అంది నూకాలు.

ముసలమ్మ కర్ర కింద పెట్టి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆవిణ్ణి చూసి అందరూ పెట్టారు.

ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు వచ్చి కలిశాయి. ఎవరొచ్చినా చుక్కలన్నీ జరిగాయి. ఒక్క బెజ్జాన్ని కూడా ఎవరూ పూడ్చలేదు. ఇప్పుడా జెండా పాతబడి ఎగరలేదుట. కోటలో కిటికీకి ఎదురుగా అద్దాల పెట్టెలో వేలాడదీశారు. పొద్దున్నే దాని వెనక ఎండ పడితే, ఎంత పెద్దవాళ్ళైనా నిలబడిపోతారుట.

కంచికేమో కథ వెళ్ళింది,
ఇంటికేమో మన దారుంది,
కంటికేమో కునుకొచ్చింది.