సగంలో ఆగిన మాట

కర్నూలు వైపు ఒక పల్లె బడిలో విరూపాక్షయ్య అనే తెలుగు మాస్టారు ఉండేవాడు. పిల్లలు నోరు తెరిస్తే చాలు, ఏం చెబుతున్నారో వినకముందే ఎలా చెబుతున్నారో దిద్దడం ఆయనకు అలవాటు.

ఆయన చెడ్డవాడు కాడు. తన పిల్లలు పట్నం పిల్లలకు దీటుగా చదవాలని, నలుగురిలో తడబడకుండా మాట్లాడాలని ఆయన కోరిక. అందుకే రోజూ ఒక్కొక్కరిని నిలబెట్టి పాఠం పైకి చదివించేవాడు. ఎవరైనా ఒత్తు మింగేస్తే అక్కడే ఆపి పదిసార్లు పలికించేవాడు. క్లాసంతా నవ్వేది. ఆయన నవ్వనిచ్చేవాడు. సిగ్గుపడితేనే నేర్చుకుంటారని ఆయన నమ్మకం.

వక్తృత్వ పోటీలు దగ్గరపడ్డాయి. ఒకరోజు రాత్రి పెద్ద గాలివాన కురిసింది. మర్నాడు పొద్దున్నే ఆయన ఉపన్యాసం వల్లె వేయిస్తుండగా ఏడో తరగతి సుంకులమ్మ ఆలస్యంగా, రొప్పుతూ వచ్చింది.

"సారూ, ఆడ బోరింగు కాడ..."

"ఆడ కాదు, అక్కడ. కాడ కాదు, దగ్గర. మళ్లీ చెప్పు."

"అక్కడ... బోరింగు దగ్గర... తెగి పడుండా..."

"పడి ఉంది అనాలి. ఏది పడి ఉంది? కర్త లేకుండా వాక్యమేమిటి?"

పిల్లలు పగలబడి నవ్వారు. సుంకులమ్మ "ఏం లేదు సార్" అని వెళ్లి కూర్చుంది. ఆలస్యానికి ఏదో సాకు చెప్పబోయిందనుకున్నాడు మాస్టారు.

ఇంటర్వెల్ గంట మోగగానే ఆమె బయటికి పరుగెత్తింది. అప్పటికే ఆరో తరగతి మద్దిలేటి నీళ్ల కోసం బడి ఆవరణలోని బోరింగు పిడి పట్టుకుని కుప్పకూలాడు. దాని కింది బురదలో తెగిన కరెంటు తీగ పడి ఉంది. సుంకులమ్మ చేతులు చాచి మిగతా పిల్లలకు అడ్డం నిలబడింది.

"పోవద్దండి, కరెంటు తీగ తెగి పడుండాది" అని అరిచింది. ఒక్క మాటా తడబడలేదు. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. మద్దిలేటి మాత్రం మళ్లీ లేవలేదు.

మధ్యాహ్నం ఎస్సై వచ్చి విచారించాడు. "ముందే చూశావు కదమ్మా, మీ సారుకు చెప్పలేదా?"

సుంకులమ్మ తల దించుకుంది. "చెప్పబోయినా సార్. నాకు సరిగ్గా చెప్పను రాలేదు."

పక్కనే ఉన్న విరూపాక్షయ్య ముందుకు వచ్చాడు. "ఆ బిడ్డ చెప్పింది. నేనే వినలేదు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన పిల్లలెవరినీ మధ్యలో ఆపలేదు. కానీ సుంకులమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె పుస్తకం పట్టుకుని నిలబడేది, పెదవి కదిపేది కాదు. ఆయన ఎదురుచూసేవాడు. గంట మోగేది.

చక్కగా మాట్లాడడం నేర్పాలనుకునేవాడు ముందు ఎదుటివారి మాటను చివరిదాకా వినడం నేర్చుకోవాలి.