అడ్డంగా నడిచే పీత, తిన్నని బెజ్జం

అనగనగా ఒక అడవిలో... ఎంత పెద్ద అడవనుకున్నారు? ఈ కొసన ఎవరైనా తుమ్మితే, ఆ కొస నుంచి "చిరంజీవ!" అన్నమాట వినపడడానికి మూడు రోజులు పట్టేది. ఆ అడవిలో బెజ్జాలయ్య అనే వడ్రంగి పిట్ట ఉండేవాడు. తలమీద ఎర్ర కుచ్చు, నోటినిండా గొప్పలు.

"ఒక్క గుక్కలో నూటపదహారు బెజ్జాలు వేస్తాను నేను!" అనేవాడు.

వేసేవాడు కూడా. అతని ముక్కు చప్పుడుకి కొండలు ఉలిక్కిపడి పక్కకి జరిగేవి. అబద్ధమైతే ఊడిన నా పళ్ళు ముప్పై రెండూ తిరిగి మొలవాలి!

ఒకరోజు కంబళమ్మ అనే ముసలి ఎలుగుబంటి అతని దగ్గరకి వచ్చింది. చంకలో సొరబుర్ర, భుజం మీద ఆరు మూరల టేకు కర్ర.

"నాయనా బెజ్జాలయ్యా, ఎల్లుండి నా మనవరాలి బారసాల. ఉయ్యాల దగ్గర జోలపాట పాడాలి. నా గొంతుకి తోడు ఒక తంబుర కావాలి. ఈ కర్రని మీ మామ ఏడేళ్ళు గుహలో నీడన ఆరబెట్టాడు. తీరా తంబుర చేద్దామనుకునేసరికి కన్నుమూశాడు. ఇలాంటి కర్ర ఇంకొకటి లేదు. తీగలు చుట్టే బిరడాలకి దీని తలలో మూడు బెజ్జాలు వేసిపెట్టు."

"తంబుర కుదరకపోతే?"

"కుదరకపోతే ఓండ్రయ్య పాడతానంటున్నాడు."

ఓండ్రయ్య అంటే గాడిద. కిందటిసారి అతను పాడితే చెట్లమీద కాయలు పండకుండానే రాలిపోయాయి. ఏరు భయపడి వెనక్కి పారింది.

"మూడు బెజ్జాలకి ఇంత దిగులేమిటి అత్తా!" అన్నాడు బెజ్జాలయ్య. "నువ్వు ఆవలించి నోరు మూసేలోపు అయిపోతాయి."

ఏటి ఒడ్డున రాతిమీద కర్రని పడుకోబెట్టాడు. దానిమీదకి ఎక్కి టకటకా మొదలుపెట్టాడు. రాతి పక్కన బొరియలోంచి పీతాంబరం అనే పీత కళ్ళు రెండూ పైకెత్తి చూశాడు.

"బావా, ముక్కు వాలుతోంది!"

బెజ్జాలయ్యకి ఎర్ర కుచ్చు నిక్కబొడుచుకుంది.

"నువ్వా నాకు చెప్పేది? పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజైనా తిన్నగా నడిచావట్రా? అడ్డంగా పాకే మొహం, నాకు తిన్నదనం నేర్పుతాడట!"

"సరే బావా, నాకెందుకు," అని పీతాంబరం కళ్ళు లోపలికి ముడుచుకున్నాడు.

బెజ్జం పైన నడిమధ్యన మొదలై కింద అంచున తేలింది. కంబళమ్మ అందులో బిరడా దూర్చి, అడవిదున్న తోక వెంట్రుక కట్టి బిగించింది. వంకర బెజ్జంలో బిరడా ఎలా నిలుస్తుంది? టంగుమని ఎగిరి కంబళమ్మ ముక్కుకి తగిలింది. అక్కడినుంచి ఎగిరి చంద్రుడికి తగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, కావాలంటే చూసుకోండి.

కంబళమ్మ పాడైన తలని పళ్ళతో కొరికేసింది. నాలుగు మూరల కర్ర మిగిలింది. దూరాన ఓండ్రయ్య గొంతు సవరించుకోవడం వినపడింది.

"ఈసారి నా దగ్గర ఉపాయం ఉంది," అన్నాడు బెజ్జాలయ్య. "పైనుంచి సగం, కిందనుంచి సగం తొలుస్తాను. మధ్యలో రెండూ కలుసుకుంటాయి."

"బావా, మళ్ళీ వాలు..."

"నోరుముయ్యి!"

కలుసుకుంటాయా! పోట్లాడుకున్న తోడికోడళ్ళలాగా, ఆ రెండు సగాలూ ఒకదాని మొహం ఒకటి చూడకుండా పక్కపక్కనుంచే వెళ్ళిపోయాయి. మధ్యలో కర్ర పెళ్ళున చీలింది. మళ్ళీ కొరకాల్సి వచ్చింది. రెండు మూరలే మిగిలాయి.

కంబళమ్మ తిట్టలేదు. ఆ పొట్టికర్రని అరచేత్తో నిమిరి, "మీ మామ రోజూ ఇలాగే తడిమి చూసుకునేవాడు నాయనా," అంది. అంతే.

తిట్టినా బాగుండును అనిపించింది బెజ్జాలయ్యకి. ఇంకొక్క బెజ్జం తప్పితే ఇక మిగిలేది పులుసు కలుపుకునే గరిటే. అవతలేమో ఓండ్రయ్య ఏటి దగ్గరకి వచ్చేశాడు. సగం ఏరు నోట్లో పోసుకుని పుక్కిలిస్తున్నాడు.

బెజ్జాలయ్య కర్రవైపు చూశాడు. బొరియవైపు చూశాడు. కుచ్చు దించుకుని, గెంతుకుంటూ బొరియ దగ్గరకి వెళ్ళాడు.

"ఒరేయ్ పీతాంబరం..."

"ఆఁ."

"వాలు నాకు కనపడలేదు. నీకెలా కనపడిందిరా?"

"నువ్వు నీ ముక్కు వెనక ఉన్నావు బావా. నేను పక్కన ఉన్నాను. అందులో పెద్ద విద్యేముంది?" అన్నాడు పీతాంబరం. "ఇంకోమాట. చెట్టుని పొడిచేటప్పుడు తోకని మానుకి ఆనించి నిలబడతావు. ఇక్కడ కర్రని పడుకోబెట్టావు. తోక గాల్లో ఊగుతోంది. తోక ఊగితే ముక్కు ఊగదూ?"

బెజ్జాలయ్య వెనక్కి తిరిగి తన తోకని చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ అది అక్కడ ఏం చేస్తోందో అతనికి తెలియనే తెలియదు!

వెంటనే కర్రని నిలబెట్టి మద్దిచెట్టు పక్కకొమ్మకి గట్టిగా కట్టారు. బెజ్జాలయ్య తోక ఆనించి నిలబడ్డాడు. పీతాంబరం కంబళమ్మ భుజమెక్కి పక్కనుంచి చూశాడు. ముందు మూడు చోట్ల చిన్న గుంటలు. ఆ గుంటల్లో సన్నని బెజ్జాలు. ఆ తరవాతే వాటిని వెడల్పు చేయడం.

"కుడికి బావా."

టక్.

"వాలింది బావా."

టక్.

"మళ్ళీ వాలింది బావా."

అలా వెయ్యిన్నొక్కసారి అన్నాడు. ప్రతిసారీ బెజ్జాలయ్య గొంతుదాకా వచ్చిన తిట్టుని గుటుక్కున మింగాడు. ఆ రోజు అతను పురుగు ముట్టలేదు. తిట్లతోనే కడుపు నిండిపోయింది. ఒక్క గుక్కలో నూటపదహారు వేసే మొనగాడికి మూడు బెజ్జాలు వేసేసరికి పొద్దు వాలింది.

అప్పుడు పడమటి ఎండ కర్ర వెనకనుంచి తగిలింది. కంబళమ్మ నల్లటి పొట్టమీద మూడు వెలుగు చుక్కలు పడ్డాయి. గుండ్రంగా, వరసగా, బొట్టు పెట్టినట్టు.



బారసాల నాడు బిరడాలు ఇసుమంతైనా జారలేదు. తంబుర పొట్టిదే గాని, కంబళమ్మ ఒళ్ళో ఇంకో మనవరాలిలా కూర్చుంది. ఆమె జోలపాట ఎత్తుకుంది. ఉయ్యాల్లో పిల్ల నిద్రపోయింది. చుట్టాలు నిద్రపోయారు. పాడదామని నోరు తెరిచిన ఓండ్రయ్య, తెరిచిన నోటితోనే నిద్రపోయాడు. మూడోరోజు లేచి, "నా వంతు వచ్చిందా?" అని అడిగాడు.

"బెజ్జాలంటే ఇవీ! ఎంత తిన్నగా వేశావు నాయనా!" అని కంబళమ్మ మెచ్చుకుంది.

బెజ్జాలయ్య రొమ్ము విరుచుకున్నాడు. గొప్ప చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో, బూరె ముక్క డెక్కలో పట్టుకుని బొరియవైపు పాకుతున్న పీతాంబరం కనపడ్డాడు.

"పొడిచింది నేనే అత్తా," అన్నాడు బెజ్జాలయ్య. "తిన్నదనం మాత్రం, అదిగో, అడ్డంగా పోతున్నాడే, వాడిది."

నీతి: తన ముక్కు వాలు తనకి కనపడదు, పక్కనుంచి చూసినవాడు చెబితే వాడి నడకని కాదు, మాటని పట్టించుకోవాలి.