నలభై ఏనుగుల మేత

మద్దిపురం మీదికి దండెత్తి వచ్చి, దాన్ని మూడేళ్లు గుప్పిట్లో పెట్టుకున్న దండనాయకుడు వీరభోజుడు చివరికి యుద్ధంలో ఓడిపోయాడు. వసూలు చేసిన పన్నులో ఊరి కోసం ఖర్చయింది పోను, మిగిలింది తిరిగి ఇచ్చెయ్యాలని సంధిలో రాసుకున్నారు. తీర్పు చెప్పడానికి పొరుగు రాజు వచ్చి కూర్చున్నాడు.

"మిగిలిందేమీ లేదు ప్రభూ! ఊరి కాపలాకి నలభై ఏనుగుల్ని ఇక్కడే పోషించాను. పన్నంతా వాటి మేతకే సరిపోయింది" అన్నాడు వీరభోజుడు.

జనంలోంచి నాంచారమ్మ తట్ట చంకన పెట్టుకుని ముందుకొచ్చింది. ఊళ్లో ఏనుగులూ గుర్రాలూ వేసిన లద్దె ఎత్తి, ఎండబెట్టి, పొయ్యిల్లోకి అమ్ముకునే హక్కు ఆమె అత్తగారి నాటి నుంచీ వాళ్లదే. ఒకప్పుడు పొద్దున్నే ఊరి ఏనుగు గున్నమ్మ మెడగంట వినబడగానే ఇంటింటా పొయ్యి రాజేసుకునేవాళ్లు. శత్రువులు ఊళ్లో అడుగుపెట్టిన నాడే గున్నమ్మ మాయమైంది.

"దొరగారూ, నలభై ఏనుగులు మూడేళ్లు తిన్నాయి కదా, మరి నా తట్టలో ఒక్క ఉండైనా పడలేదేం?" అని అడిగి, రాజు వైపు తిరిగింది. "అవి తిన్నమాట నిజమైతే నా లద్దె నాకిప్పించండి ప్రభూ. లేదంటే ఊరి డబ్బు ఊరికిప్పించండి."

సభ గొల్లున నవ్వింది. "నలభై కాదు... ఒక్కటే. దాన్ని కూడా మా కోటకి తోలుకెళ్లి మేపాం" అని గొణిగాడు వీరభోజుడు.

"అది మా గున్నమ్మే! డబ్బుతో పాటు దాన్నీ తోలించండి" అంది నాంచారమ్మ.

రాజు అలాగే తీర్పు చెప్పాడు. వారం తిరక్కుండానే పన్ను డబ్బూ, చిక్కి సగమైన గున్నమ్మా ఊరు చేరాయి. గంట వినగానే నాంచారమ్మ తట్ట పట్టుకుని పరుగెత్తింది. వెచ్చటి లద్దె నెత్తికెత్తుకుని, కళ్లు తుడుచుకుంటూ అంది: "ఇదీ మేత లెక్కంటే!"