సాంబ్రాణి మందు

హకీం మీరాన్ సాహెబ్ దగ్గర శిష్యరికం చేస్తున్న యాసీన్‌కు ఒక్కటే మింగుడుపడేది కాదు. గురువుగారు గాయాల మందుకు సాంబ్రాణిని స్పిరిటులో కలుపుతారు. నమాజు చేసే చేతులతో సారాయి జాతి సరుకును ముట్టుకోవడమేమిటని అతని బాధ.

ఒకనాటి పొద్దున, అదే వీధిలో ఉండే రాళ్లగని కూలీ ఓబులేసు కుంటుకుంటూ వచ్చాడు. బండ పడి పాదం చీలింది. నొప్పి ఓర్చుకోలేక తాగినట్టున్నాడు, సారా కంపు కొడుతున్నాడు.

"తాగొచ్చినవాళ్లకు ఇక్కడ మందు లేదు. పో," అన్నాడు యాసీన్.

కాసేపటికి గురువుగారు లోపలినుంచి వచ్చారు. "ఎవరో వచ్చినట్టున్నారే?"

"ఎవరూ రాలేదు హజ్రత్."

గురువుగారు గడప వంక చూశారు. నెత్తుటి మరకలు ఇంకా ఆరలేదు.

"గాయానికి మందు కలుపు బేటా. నీ ఇష్టప్రకారమే, నీళ్లతోనే కలుపు."

యాసీన్ సాంబ్రాణి నూరి, నీళ్లలో వేసి మరిగించాడు. ఎంత కలిపినా కరగలేదు. మెత్తబడి, ముద్దకట్టి, అడుగున కూర్చుంది. తీయబోతే వేళ్లకు అంటుకుంది. నీళ్లు ఎన్ని పోసి రుద్దినా వదల్లేదు.

గురువుగారు మిగిలిన పొడిని సీసాలో వేసి, స్పిరిటు పోసి, అతని చేతికిచ్చి ఊపమన్నారు. ఊపగా ఊపగా పొడి కరిగి, స్పిరిటు తేనెరంగుకు తిరిగింది. తర్వాత గుడ్డను స్పిరిటులో తడిపి, ఆయనే శిష్యుడి వేళ్లు ఒక్కొక్కటీ తుడిచారు. జిగురంతా వదిలింది.

"పద," అన్నారు.

నెత్తుటి చుక్కలు వీధి చివరి గుడిసె దాకా దారి చూపాయి. యాసీన్‌ను చూడగానే ఓబులేసు తువ్వాలుతో నోరు మూసుకున్నాడు.

"దూరంగా ఉండయ్యా. వాసనొస్తాది," అన్నాడు గోడవైపు జరుగుతూ.

యాసీన్‌కు తలెత్తే ధైర్యం లేకపోయింది. కింద కూలబడి, ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుని, గాయంలోని ఇసుక కడగసాగాడు.

"ఆ వాసన నీది కాదులే ఓబులేసూ," అన్నారు గురువుగారు, సీసా మూత తీస్తూ. "మావాడి చేతులది."